బైపోలార్ రుగ్మత - అణుజీవశాస్త్ర పరిశోధన: ‘వంశంలో ఉంది’ అనే మాట వెనుక

వ్యాససంగ్రహం:
బైపోలార్ రుగ్మతకు మూలాన్ని మెదడు కణాల్లో, జన్యువుల్లో వెతికే పరిశోధన ఏడు దశాబ్దాలకు పైగా సాగుతోంది. లిథియం ఎలా పనిచేస్తుంది, ఈ రుగ్మత తరం నుంచి తరానికి ఏ అర్థంలో సంక్రమిస్తుంది, రోగుల కణాల నుంచే న్యూరాన్లను తయారుచేసి ఏమి గ్రహించారు అనే విషయాలను తెలుగు పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాద్ పాతబస్తీలో నేటికీ వినిపించే వైద్య పదజాలాన్ని, యల్లాప్రగడ సుబ్బారావు రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతిని, నగరంలోని సి.సి.ఎం.బి. పరిశోధనలను సందర్భానుసారంగా ప్రస్తావించడం జరిగింది.

కీలకపదాలు: బైపోలార్ రుగ్మత, లిథియం, ఇనోసిటాల్, జన్యు భేదం, వంశపారంపర్యం, మూలకణాలు, సమ్మతి పత్రం.

1. ఉపోద్ఘాతం:

బైపోలార్ రుగ్మత ఉన్న వ్యక్తి జీవితంలో రెండు విరుద్ధ దశలు వస్తూపోతూ ఉంటాయి. ఒక దశలో నిద్ర అవసరం తగ్గిపోతుంది, మాట వేగం పెరుగుతుంది, అప్పులు, వ్యాపారాలు, తగాదాలు అదుపు తప్పుతాయి. దీనిని మేనియా అంటారు. మరో దశలో మనిషి మంచం దిగలేనంతగా కుంగిపోతాడు. ఈ రెండింటి మధ్య నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు పూర్తి ఆరోగ్యంగా గడుస్తాయి. అందువల్లనే ఇంట్లోవారు దీనిని జబ్బుగా గాక స్వభావంగా, పొగరుగా, బద్ధకంగా పొరబడుతుంటారు.

2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి వెయ్యిమంది పెద్దవారిలో సుమారు ఐదుగురు జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మతకు లోనవుతున్నారు. వారిలో దాదాపు 70% మందికి చికిత్స అందడం లేదు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అంటే మన రాష్ట్రాల గురించి మాట్లాడేటప్పుడు వాడే జాతీయ సగటు మన ఇళ్ల తలుపు తట్టి సేకరించినది కాదు. అణుజీవశాస్త్ర పరిశోధనలోనూ ఇటువంటి లోటే మరొక రూపంలో ఎదురవుతుంది.

పారిభాషిక పదం గురించి ఒక మాట. మాలిక్యులర్ బయాలజీని కొన్ని పత్రికలు ‘పరమాణు జీవశాస్త్రం’ అని రాస్తున్నాయి. పరమాణువు ఆటమ్‌కు, అణువు మాలిక్యూల్‌కు స్థిరపడిన పదాలు కాబట్టి ‘అణుజీవశాస్త్రం’ అనడమే సమంజసం.

2. సౌదా నుంచి బైపోలార్ వరకు:

మానసిక రుగ్మతకు శరీరంలోని పదార్థమే కారణమన్న ఆలోచన ఆధునిక ప్రయోగశాలతో పుట్టలేదు. పాతబస్తీలో 16వ శతాబ్ది చివర మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుష్షిఫా కట్టించేనాటికే యునానీ వైద్యులకు ‘మాలిఖూలియా’, ‘మానియా’ అనే రెండు పదాలు సుపరిచితాలు. ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథంలో రెండింటినీ చర్చించాడు. ఇవి గ్రీకు పదాలకు అరబ్బీ రూపాలు. మెలాంకోలియా అంటే నల్లని పైత్యరసం అని అర్థం. దానికి అరబ్బీ మాట ‘సౌదా’. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రిలో ఈ పదజాలం నేటికీ వాడుకలో ఉంది. ఉర్దూలో పిచ్చివాడిని ‘సౌదాయీ’ అనడం వెనుక కూడా ఈ రస సిద్ధాంతమే ఉంది. మన ఆయుర్వేదం ఉన్మాదాన్ని వాత, పిత్త, కఫ దోషాలతో వివరించింది.

వీటిని చూపి ‘ఆధునిక శాస్త్రం చెప్పేదంతా మనవారికి ముందే తెలుసు’ అని వాదించే ధోరణి ఒకటి ఉంది. దానితో ఏకీభవించలేం. నల్ల పైత్యరసాన్ని ఎవరూ వేరుచేసి కొలవలేదు. కొలవగలిగినది, కొలిచాక తప్పని తేలగలిగినది మాత్రమే ప్రయోగశాల దృష్టిలో పరికల్పన. అయితే విషాదం, ఉన్మాదం ఒకే మనిషిలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయన్న పరిశీలన నిజంగానే ప్రాచీనం. కపడోషియాకు చెందిన గ్రీకు వైద్యుడు అరిటేయస్ దానిని నమోదు చేశాడు. 1850లలో ఫ్రాన్సులో ఫాల్రే, బయార్జే దానిని ఒకే వ్యాధిగా వర్ణించారు. 19వ శతాబ్ది చివర జర్మనీలో క్రేపెలిన్ దానికి స్కిజోఫ్రీనియా నుంచి వేరైన స్థానం ఇచ్చాడు. ‘బైపోలార్’ అన్న పేరు అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో 1980 నుంచి స్థిరపడింది.

3. లిథియం - అనుకోకుండా దొరికిన దారి:

ఈ రుగ్మత అణుజీవశాస్త్రమంతా ఒక విధంగా ఒక మందు పుట్టించిన ప్రశ్న. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు మేనియా ఉన్న పదిమందికి లిథియం లవణాలు ఇచ్చి, వారు నెమ్మదించడాన్ని ప్రకటించాడు. అతడు వెతికింది వేరు. రోగుల మూత్రంలో ఏదో విషపదార్థం ఉందని అనుమానించి గినీ పందులపై ప్రయోగాలు చేస్తూ, యూరిక్ ఆమ్లాన్ని కరిగించడానికి దాని లిథియం లవణాన్ని వాడాడు. ఆ జంతువులు మందకొడిగా మారాయి. అక్కడి నుంచి మనుషుల దాకా వచ్చాడు. 1950లలో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ క్రమబద్ధమైన పరీక్షలతో దీనిని నిలబెట్టాడు. అమెరికా అనుమతి 1970లో గాని రాలేదు.

లిథియం అణువు కూడా కాదు, ఒక మూలకం. సోడియం, పొటాషియంలతో ఒకే వరుసలో ఉన్న అతి తేలికైన లోహం. ఇంత సరళమైన పదార్థం మనిషి మనఃస్థితిని ఎలా మారుస్తుంది? 1971లో ఆలిసన్, స్టివర్ట్ అనే శాస్త్రవేత్తలు లిథియం ఇచ్చిన ఎలుకల మెదడులో ఇనోసిటాల్ అనే చక్కెరవంటి పదార్థం తగ్గిందని గుర్తించారు. 1980లో హాల్చర్, షెర్మన్ దాని కారణం చూపారు. ఇనోసిటాల్‌కు అంటుకున్న ఫాస్ఫేటును విడదీసే ఎంజైమును లిథియం అడ్డుకుంటుంది.

దీనిని గోళీసోడా అంగడితో పోల్చి చూడవచ్చు. సోడా తాగినవారు ఖాళీ సీసా తిరిగి ఇవ్వాలి. దానిని కడిగి మళ్లీ నింపితేనే అంగడి నడుస్తుంది. నరకణానికి బయటి నుంచి సందేశం అందినప్పుడు కణపు పొరలోని ఒక కొవ్వు పదార్థం తెగి, ఇనోసిటాల్‌కు మూడు ఫాస్ఫేట్లు అంటుకున్న రూపం వెలువడుతుంది. అది కణంలో కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. పని అయ్యాక ఫాస్ఫేట్లు ఒక్కొక్కటిగా ఊడి, మళ్లీ ఇనోసిటాల్ తయారై పొరలోకి చేరాలి. లిథియం ఆ ‘సీసా కడిగే’ చివరి మెట్టును మందగింపజేస్తుంది. మెదడుకు రక్తం నుంచి ఇనోసిటాల్ తేలికగా అందదు కాబట్టి నిల్వ తరిగిపోతుంది. ఇందులో అసలు చమత్కారం మరొకటి. లిథియం ఖాళీ ఎంజైముకు కాక, పనిలో ఉన్న ఎంజైముకే అతుక్కుంటుంది. బేరం ఎక్కువగా ఉన్న అంగడికే సీసాల కొరత ముందుగా తగిలినట్టు, అతిగా ఉద్రేకించిన కణాలపైనే దాని ప్రభావం ఎక్కువ. 1980లలో బెర్రిడ్జ్ బృందం ప్రతిపాదించిన ఈ వివరణను ఇనోసిటాల్ క్షీణత పరికల్పన అంటారు.

1996లో క్లైన్, మెల్టన్ మరో దారి చూపారు. కప్ప పిండాల ఎదుగుదలను లిథియం ఎందుకు తారుమారు చేస్తుందని వెతుకుతూ, అది జి.ఎస్.కె.-3 అనే ఎంజైమును అడ్డుకుంటుందని కనుగొన్నారు. ఈ ఎంజైముకు కణాల మనుగడతోను, శరీరపు దినచర్యను నడిపే జీవగడియారంతోను సంబంధం ఉంది. నిద్ర తప్పడం మేనియాకు ముందస్తు గుర్తు కావడాన్ని బట్టి ఇది ఆకర్షణీయమైన వివరణే. ఐతే పేచీ పరిమాణం దగ్గర వస్తుంది. ఇనోసిటాల్ ఎంజైమును సగానికి తగ్గించడానికి లీటరుకు ఒక మిల్లీమోల్ కన్నా కొంచెం తక్కువ లిథియం చాలు. జి.ఎస్.కె.-3 విషయంలో దాదాపు రెండు కావాలి. రోగి రక్తంలో ఉండదగినది 0.6 నుంచి 1.0 వరకే. 1.5 దాటితే విషమిస్తుంది. కాబట్టి రెండో మార్గం పరోక్షంగా పనిచేస్తుందని కొందరు, మొదటిదే ప్రధానమని కొందరు వాదిస్తున్నారు.

ఈ సన్నని హద్దు పాతబస్తీవంటి చోట పుస్తక విషయంగా మిగలదు. మూత్రపిండాలు లిథియంను సోడియంలాగే చూస్తాయి. చెమటతో నీరు, ఉప్పు తగ్గినప్పుడు సోడియంను పట్టి ఉంచినట్టే లిథియంను కూడా పట్టి ఉంచుతాయి. మే నెల ఎండలో, వాంతులు విరేచనాలైనప్పుడు, మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాడినప్పుడు రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. రంజాన్ ఉపవాసాలు ఎండాకాలంలో వచ్చిన సంవత్సరాల్లో ఇది మరింత ముఖ్యమైన ప్రశ్న. పెషావర్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం, నిలకడగా ఉన్న రోగుల్లో ఉపవాస మాసంలో లిథియం స్థాయి చెప్పుకోదగినంతగా మారలేదని తేల్చింది. ఆ రోగులు వైద్యుల పర్యవేక్షణలో, రక్తపరీక్షలతో ఉన్నవారన్నది మరువరాదు. మాత్ర తనంతట తాను మానడం, వేళలు మార్చుకోవడం రెండూ ప్రమాదమే.

4. భీమవరం నుంచి ఒక నీలిరంగు:

పైన చెప్పిన ఎంజైము పనితీరును ఎలా కొలుస్తారు? ఊడిపడిన ఫాస్ఫేటును లెక్కించడం ఒక మార్గం. ఫాస్ఫేటును మాలిబ్డేట్‌తో కలిపి, వచ్చిన నీలిరంగు గాఢతను బట్టి పరిమాణం చెప్పే పద్ధతిని 1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించారు. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావే. జీవరసాయన శాస్త్రం చదివిన విద్యార్థులకు ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ పేరు పరిచితం. అది ఒక తెలుగువాడి పేరని గుర్తించేవారు తక్కువ.

ఆ కొలతలో ఎదురైన ఒక తేడాను వెంటాడుతూ ఆ ఇద్దరూ 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కనుగొన్నారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోహ్మాన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. ఫాస్ఫోక్రియాటిన్ కణానికి అత్యవసర శక్తి నిల్వ. మెదడుకూ అంతే. 1990లలో జపాన్‌లో తదఫుమి కాటో బృందం, పుర్రె తెరవకుండానే ఫాస్ఫరస్ సంకేతాలను పట్టే అయస్కాంత పరికరంతో బైపోలార్ రోగులను పరిశీలించి, కుంగుబాటు దశలో మెదడు ముందుభాగంలో ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతున్నట్టు చూపింది. ఈ రుగ్మతలో మైటోకాండ్రియాల శక్తి ఉత్పత్తి దెబ్బతింటున్నదన్న వాదానికి అది ఒక పునాది. సుబ్బారావు మనోవ్యాధులపై పనిచేయలేదు. కండరపు రసంలో అతడు పట్టుకున్న పదార్థమే ఆరు దశాబ్దాల తర్వాత మనఃస్థితికి కొలతగా మారడం విశేషం.

5. జన్యువుల వెతుకులాట:

1987లో అమెరికాలోని ఆమిష్ సమాజంలో ఒక కుటుంబాన్ని పరిశీలించి, ఈ రుగ్మతకు కారణమైన జన్యువు 11వ క్రోమోజోముపై ఉందని ఘనంగా ప్రకటించారు. రెండేళ్లలో, అదే కుటుంబంలో మరికొందరిని చేర్చి లెక్కించేసరికి ఆ ఫలితం నిలవలేదు. మన పత్రికల్లో ‘ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది’ అన్న శీర్షిక చూసినప్పుడల్లా ఈ ఉదంతం గుర్తుచేసుకోవడం మంచిది.

తరువాతి కాలంలో పద్ధతి మారింది. ఒక్క కుటుంబాన్ని గాక వేలాది రోగులను, వేలాది ఆరోగ్యవంతులను తీసుకుని, జన్యుపదార్థమంతటా లక్షల చోట్ల చిన్న తేడాలను పోలుస్తున్నారు. 2021లో సుమారు 42 వేలమంది రోగులతో జరిగిన అధ్యయనం 64 చోట్లను గుర్తించింది. 2025లో లక్షా 58 వేలమంది రోగులతో జరిగినది 298 చోట్లను గుర్తించింది. నరకణంలోకి కాల్షియం వెళ్లే ద్వారాన్ని నిర్మించే జన్యువు వంటివి వీటిలో ఉన్నాయి. అయితే ఒక్కొక్క తేడా ప్రభావం అతి స్వల్పం. అన్నిటినీ కూడి లెక్కగట్టినా, రుగ్మత రావడంలోని వ్యత్యాసంలో 5% చుట్టుపక్కలే వివరించగలుగుతున్నాం. కాబట్టి ఈ లెక్కతో ఫలానా వ్యక్తికి జబ్బు వస్తుందో రాదో చెప్పే పరీక్ష సాధ్యం కాదు. అటువంటి పరీక్ష ఉందని అమ్మేవారిని నమ్మనక్కరలేదు.

అరుదైన, ప్రభావం ఎక్కువగా ఉన్న తేడాలు కూడా కొన్ని ఉన్నాయి. 2022లో దాదాపు 14 వేలమంది రోగుల జన్యువుల్లో ప్రొటీన్లను నిర్దేశించే భాగాలను చదివిన బృందం ఎ.కె.ఎ.పి.11 అనే జన్యువును ముందుకు తెచ్చింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను జి.ఎస్.కె.-3తో అంటిపెట్టుకుని ఉంటుంది. లిథియం వైపు నుంచి, జన్యువుల వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చిన రెండు సొరంగాలు ఒకే ఎంజైము దగ్గరకు చేరుతున్నాయన్న ఆశ దీనితో కలిగింది.

ఇక ఉపోద్ఘాతంలో చెప్పిన లోటు. 2025 అధ్యయనంలో ఐరోపా, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో మూలాలవారు ఉన్నారు. దక్షిణాసియా ఒక సమూహంగా లేదు. ప్రపంచ జనాభాలో నాలుగోవంతు లేని పటం అది. సి.సి.ఎం.బి.లో కె. తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన పరిశోధన ఈ లోటు ఎంత నష్టమో మరోవైపు నుంచి చూపింది. 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 అతి కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవని తేలింది. మన ప్రాంతపు వైశ్య సమాజం వాటిలో ఒకటి. మత్తు ఇచ్చే సమయంలో వాడే కండర సడలింపు మందును విరిచే ఎంజైము లోపం వారిలో ఇతరులకన్నా సుమారు వందరెట్లు ఎక్కువ. అందువల్ల శస్త్రచికిత్సకు ముందే వైద్యులు జాగ్రత్తపడగలుగుతున్నారు. సమూహాన్ని పరిశీలిస్తే ఆ సమూహానికే మేలు కలుగుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. బైపోలార్ రుగ్మత అలా ఒక్క జన్యువుతో తేలేది కాదు గాని, మన సమూహాల్లో మాత్రమే కనిపించే అరుదైన తేడాలు ఉంటే అవి ఐరోపా పటంలో ఎన్నటికీ కనిపించవు.

6. గాజుపాత్రలో న్యూరాన్లు:

బతికి ఉన్న మనిషి మెదడు నుంచి ముక్క తీసి పరీక్షించలేం. ఈ చిక్కును జపాన్ శాస్త్రవేత్త యమనాకా పద్ధతి కొంత తొలగించింది. చర్మం లేదా రక్తకణాలను వెనక్కి నడిపి మూలకణాలుగా మార్చి, వాటిని మళ్లీ న్యూరాన్లుగా ఎదిగించవచ్చు. బెంగళూరులో నిమ్హాన్స్, ఎన్.సి.బి.ఎస్., ఇన్‌స్టెమ్ సంస్థలు కలిసి చేపట్టిన కార్యక్రమం ఈ పద్ధతిలోనే, ఒకటికన్నా ఎక్కువమందికి తీవ్ర మనోరుగ్మతలున్న కుటుంబాల నుంచి కణాలను సేకరించి భద్రపరుస్తోంది. బైపోలార్ రుగ్మత అందులో ఒక ప్రధానాంశం.

2015లో అమెరికాలోని సాల్క్ సంస్థ బృందం ఆరుగురు రోగుల కణాలతో చేసిన పని ఇక్కడ చెప్పుకోదగినది. రోగుల న్యూరాన్లు ఆరోగ్యవంతుల న్యూరాన్లకన్నా అతిగా ఉద్రేకిస్తున్నాయి. పాత్రలో లిథియం కలిపితే కొందరివి నెమ్మదించాయి, కొందరివి నెమ్మదించలేదు. ఎవరివి నెమ్మదించాయంటే, జీవితంలో లిథియంతో బాగుపడినవారివి. మనిషికి పనిచేసిన మందు అతని కణానికి గాజుపాత్రలోనూ పనిచేసింది. ఆరుగురు చాలా తక్కువ సంఖ్య అన్న ఆక్షేపణ న్యాయమే. కాని ఇప్పుడు ఏ రోగికి లిథియం పనిచేస్తుందో నెలల తరబడి వాడి చూస్తే తప్ప తెలియదు. ఆ నెలల్లోనే ఉద్యోగాలు పోతాయి, కాపురాలు చెడతాయి, కొందరు ప్రాణాలే తీసుకుంటారు.

ఈ పనిలో అధికభాగం పీహెచ్.డి. పూర్తిచేసి, స్థిరమైన ఉద్యోగం లేక, రెండు మూడేళ్ల ఒప్పందాలపై పనిచేసే పోస్ట్‌డాక్టోరల్ పరిశోధకులది. మన విభాగాల్లో ఆ దశ అరుదు గనుక వారి శ్రమ స్వరూపం మనకు అంతగా తెలియదు. మూలకణం న్యూరాన్ కావడానికి వారాలు, పరిణతి చెందడానికి నెలలు పడుతుంది. రెండు రోజులకొకసారి ఆహారద్రవం మార్చాలి. దానికి పండుగ లేదు, ఆదివారం లేదు. ఏ పాత్ర రోగిది, ఏది ఆరోగ్యవంతునిదో తెలియకుండా సంకేతాలు పెట్టి కొలవాలి. లేకపోతే కోరుకున్నదే కంటికి కనిపిస్తుంది. మన సాహిత్య పరిశోధనలో కర్త పేరు చూడకుండా పాఠాన్ని బేరీజు వేసే అభ్యాసం ఎంతవరకు ఉందన్నది ఈ సందర్భంలో తట్టే ప్రశ్న.

7. ‘వంశంలో ఉంది’ - తెలుగు మాట బరువు:

సంబంధాలు కుదుర్చుకునే వేళ ‘వాళ్ల వంశంలో ఉందట’ అన్న ఒక్కమాట చాలు, పెళ్లి ఆగిపోవడానికి. ఆ భయంతోనే జబ్బు దాస్తారు, పెళ్లి తర్వాత మాత్రలు దాస్తారు, చివరికి మానేస్తారు. అందువల్ల శాస్త్రం ఇక్కడ సరిగ్గా ఏమి చెబుతోందో చూడాలి. కవలల అధ్యయనాలు ఈ రుగ్మత అనువంశికత 60 నుంచి 85% వరకు ఉంటుందని చెబుతాయి. ఇది ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న వ్యత్యాసాన్ని గురించిన సంఖ్య. ‘తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం 80%’ అని దీనికి అర్థం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నప్పుడు బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఐదు నుంచి పది వరకు. అంటే తొంభైమందికి పైగా పిల్లలకు రాదు. ఒకే జన్యుపదార్థం గల కవలల్లో ఒకరికి ఉండి మరొకరికి లేని జంటలు ఎన్నో ఉన్నాయి. మేనరికం గురించి కూడా ఇక్కడ తరచూ అడుగుతారు. మేనరికంలో స్పష్టంగా పెరిగేది, తల్లి నుంచి తండ్రి నుంచి ఒకే లోపం అందితేనే బయటపడే ఏకజన్యు వ్యాధుల ముప్పు. వందలాది చిన్న తేడాలతో ముడిపడిన రుగ్మతకు ఆ సూత్రాన్ని నేరుగా అంటగట్టలేం.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధన మొదలుపెట్టడానికి ముందే, 1917లో, ఈ నగరంలో అనువాద విభాగం ఒకటి ఏర్పడి శాస్త్ర పదాలకు ఉర్దూ రూపాలు కల్పించింది. తెలుగుకు ఆ బాధ్యత 1968 నుంచి తెలుగు అకాడమీ చేపట్టింది. పాఠ్యపుస్తకాలకు పదాలు ఏర్పడ్డాయి. కాని సమ్మతి పత్రాలకు మాత్రం ఏర్పడలేదు. రక్తం ఇచ్చే వ్యక్తికి అతని భాషలోనే పరిశోధన వివరాలు చెప్పి సమ్మతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. తెలుగు కుటుంబాల నుంచి రక్తం సేకరించే ఏ పరిశోధకుడైనా ఒక తెలుగు పత్రం చేతికివ్వక తప్పదు. ఆ పత్రంలో ‘జన్యు లోపం’ అని రాస్తే చదివినవారు ఒకటి అనుకుంటారు. ‘జన్యు భేదం’ అని రాస్తే మరొకటి అనుకుంటారు. 298 చోట్లలో కనిపించేవి ఎక్కువగా ఆరోగ్యవంతుల్లోనూ విస్తారంగా ఉన్న తేడాలే గనుక ‘భేదం’ అన్నదే శాస్త్రానికి దగ్గర. ‘వంశపారంపర్యం’ అన్న మాట ఆస్తిలాగా, ఇంటిపేరులాగా తప్పక సంక్రమించేదాన్ని సూచిస్తుంది. ఈ రుగ్మత విషయంలో ‘కుటుంబంలో వచ్చే అవకాశం’ అని విడమరచి రాయడం మేలు. ఏ పదం విన్న కుటుంబం ఏమి అర్థం చేసుకుంటున్నదో అడిగి నమోదు చేయడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక తెలుగు శాఖ, ఒక మనోవైద్య విభాగం, ఓపికగల ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులు ఉంటే పాతబస్తీ నుంచే మొదలుపెట్టవచ్చు. అక్కడ ఆ పత్రం తెలుగుతోపాటు దక్కనీ ఉర్దూలోనూ కావలసివస్తుంది.